మంచు టైర్లు, మొహమాటం

టైర్ల పని చేస్తానంటే మనవాళ్ళకు ఏం మాట్లాడాలో తోచదు. ఫంక్షన్లో పక్కన కూర్చున్నాయన "మీరు ఏ డిపార్ట్‌మెంటండీ?" అని అడుగుతాడు. టైర్లు మారుస్తానని చెబుతాను. "ఓహో, ఆటోమొబైల్ ఫీల్డా" అని నన్ను ఒక మెట్టు పైకెక్కించి, బిర్యానీ ఎలా ఉందన్న మాటలోకి వెళ్ళిపోతాడు. నాకు ఆ మెట్టు అక్కర్లేదు. నర్సరావుపేటలో మా నాన్నది లారీ టైర్ల రీట్రెడింగ్ షాపు. నేను ఆటోమొబైల్‌లో డిప్లొమా చేసి, కాన్‌బెర్రా పక్కనున్న క్వీన్‌బియన్‌కి వచ్చి, అక్కడ ఒకే షాపులో జుట్టు నెరిసేదాకా టైర్లు విప్పాను, బిగించాను. ఇప్పుడు కాన్‌బెర్రాలోని హారిసన్‌లో ఖాళీగా ఉంటున్నాను. నడుం వంగదు. కుడి చెవి నట్లు విప్పే ఎయిర్ గన్ మోతకు పోయింది. ఈ వృత్తి నాకిచ్చిన పెన్షన్‌లో ఈ రెండూ భాగమే.

మన పిల్లలు చాలామంది యూనివర్సిటీకి వెళ్తూ టైర్ల షాపుల్లో పార్ట్‌టైం చేస్తున్నారు. మెల్‌బోర్న్ వైపు టార్నీట్‌లో అయితే సొంత షాపులే పెడుతున్నారు. కనబడినప్పుడు "మస్తాన్ అంకుల్, ఈ లైన్లో టిప్స్ ఏమైనా చెప్పండి" అంటారు. టిప్స్ లేవు నాయనా. మెషీన్ మీద టైరు ఎక్కించడం వారంలో వస్తుంది. ఆ తర్వాతంతా మనుషులతో పని. అందులోనూ మనవాళ్ళతో పని మరీ కష్టం. ఎందుకు కష్టమో చెప్పడానికే ఇది రాస్తున్నాను. చదివాక మనసు బాగుండదు, ముందే చెబుతున్నాను. పేర్లు మార్చాను.

గోడ మీది అంకెలు

టైరు పక్క గోడ మీద మూడు అంకెలుంటాయి. మొదటిది వెడల్పు. రెండోది, ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత వంతు అన్నది. మూడోది, లోపలి రిమ్ము ఎన్ని అంగుళాలన్నది. శాస్త్రమంతా ఇంతే. రిమ్ము పెంచితే గోడ తగ్గాలి, రిమ్ము తగ్గిస్తే గోడ పెరగాలి. మొత్తం చక్రం మాత్రం కంపెనీ ఇచ్చిన ఎత్తుకు అటూ ఇటూ కాకూడదు. అలా అయితే స్పీడు మీటరు అబద్ధం చెబుతుంది, చక్రం తిప్పినప్పుడు మడ్‌గార్డుకు రాసుకుంటుంది.

మంచుకు చిన్న రిమ్మే మంచిది. సన్నటి టైరు మంచును కోసుకుంటూ కిందికి దిగి రోడ్డును పట్టుకుంటుంది. వెడల్పు టైరు మంచు మీద తేలిపోతుంది. పైగా మంచు టైరు రబ్బరే వేరు, చలిలోనూ మెత్తగా ఉంటుంది. మామూలు టైరు కాన్‌బెర్రా పొద్దుటి చలికే ఫ్రిజ్‌లో పెట్టిన నెయ్యిలా బిగుసుకుపోతుంది. ఆస్ట్రేలియాలో చాలామందికి ఇలాంటి టైర్లు ఉంటాయనే తెలియదు, ఎండల దేశం కదా. చలికాలంలో మంచు కురిసే కొండ మీది నేషనల్ పార్కులోకి వెళ్ళే కార్లలో చక్రాలకు చుట్టే ఇనుప చైన్లు ఉండాలని రూలు. కాబట్టి అవి మాత్రం అద్దెకు తీసుకుంటారు. మంచు టైర్లు కావాలంటే మేం ఆర్డరిచ్చి తెప్పించేవాళ్ళం.

రెండు వేల సంవత్సరం వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని ప్రపంచం భయపడ్డ రోజులవి. ప్రభుత్వ ఆఫీసులన్నీ కాన్‌బెర్రాలోనే. మన కుర్రాళ్ళు విమానాల నిండా దిగారు. అమీర్‌పేటలో స్కూటరు తొక్కినవాడు ఇక్కడ దిగగానే కారు కొనేవాడు, కారు కొనగానే దానికి పెద్ద అలాయ్ చక్రాలు కావాలనేవాడు. మా ఓనరు కొడుకు టోనీ ఇది కనిపెట్టాడు. షాపు ముందు గదికి అద్దాలు పెట్టించి, పదిహేడు అంగుళాల మెరిసే చక్రాలు వరసగా వేలాడదీశాడు. పద్నాలుగుతో వచ్చిన బండిని పదిహేడుతో పంపించేవాడు. పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు, రేసు కారును చూసి పాత ఫ్యామిలీ కార్లన్నీ వాతలు పెట్టించుకున్నాయి.

విజయవాడ కుర్రాడొకడు అలా చక్రాలు వేయించుకుని, భార్యకూ అత్తగారికీ మంచు చూపిస్తానని బయల్దేరాడు. ఆ చక్రానికీ లోపలి ఇనుప భాగాలకూ మధ్య వేలు దూరే సందు లేదు. చైన్లు దీనికి పట్టవు, వేయొద్దని నేను గట్టిగానే చెప్పాను. "రూలు కోసం డిక్కీలో ఉంటే చాలు కదా భాయ్" అని నవ్వాడు. పైన మంచు పడగానే డిక్కీలో ఉన్నవి తీసి చుట్టాడు. ఒక లింకు ఊడి బ్రేకు పైపును కోసేసింది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. దిగే దారిలో కారు మంచు గట్టులోకి దూసుకుపోయి ఆగింది కాబట్టి ముగ్గురూ బతికారు. అత్తగారి కాలు విరిగింది.

నాకు కోపం వచ్చింది దానికి కాదు. ఆ కుర్రాడు ఈ సంగతి ఎవరికీ చెప్పకుండా, కారు బాగు చేయించి, అవే చక్రాలతో కొత్తగా దిగిన ఇంకో తెలుగువాడికి అమ్మేశాడు. కొన్నవాడు నా దగ్గరికే వచ్చి, ఈ చక్రాలు చూసే కొన్నానని మురిసిపోతూ చెప్పాడు. అక్కడికక్కడే విప్పించి పద్నాలుగు వేయించాను. టోనీ చాలా రోజులు నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే పని ఇంకా బాగా సాగిందని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

బ్రూనో

టోనీ తండ్రి బ్రూనో. షాపు అతనిదే. చిన్నప్పుడే ఇటలీ నుంచి వచ్చినవాడు. మంచి బాసేనా అంటే, కాదు. నోరు చెడ్డది. నా పేరు నోరు తిరగక మొదటి రోజే "స్టాన్" అన్నాడు, చివరిదాకా స్టాన్‌నే. నమాజుకు వెళ్తానంటే గోడ గడియారం వైపు చూసేవాడు. స్పానరు దాని చోట లేకపోతే చేతికందింది విసిరేవాడు. రిటైరయ్యాక రాసేవాళ్ళు పాత బాసులను దేవుళ్ళను చేస్తారు. బ్రూనో దేవుడు కాదు, అతని కింద పని చేసిన నా నడుమే సాక్షి.

ఒక్క విషయంలో మాత్రం రాయి. మంచు టైర్లు రెండే వేయమని ఎవరడిగినా వేసేవాడు కాదు. "ఫోర్ ఆర్ గో హోమ్, మేట్" అని తలుపు చూపించేవాడు. పక్క షాపువాళ్ళు రెండు వేసి పంపుతున్నారు, మనకు బేరాలు పోతున్నాయని నేను ఒకసారి వాదించాను. షాపు వెనక సిమెంటు నేల మీద సబ్బునీళ్ళు పోయించి, ఒక పాత కారుకు ముందు రెండు మంచు టైర్లు, వెనక రెండు మామూలువి తగిలించి, నన్ను పక్కన కూర్చోబెట్టుకుని తిప్పాడు. మనిషి పరిగెత్తేంత వేగంతోనే. తోక గిర్రున తిరిగి, వెనకున్న రేకుల గోడకు నా వైపు తలుపు వెళ్ళి కొట్టుకుంది. బ్రూనో దిగి వెళ్ళి టీ పెట్టుకున్నాడు. నాక్కూడా పెట్టాడేమోనని చూశాను. పెట్టలేదు.

సంగతేమిటంటే, మన చిన్న కార్లను లాగేది ముందు చక్రాలు. వాటికి మంచి టైర్లు వేస్తే కొండ బ్రహ్మాండంగా ఎక్కుతుంది. అదే మోసం. ఎక్కిన ధైర్యంతోనే మనిషి దిగుతాడు. దిగుడులో వంపు రాగానే ముందు భాగం రోడ్డును పట్టుకుంటుంది, వెనక భాగానికి ఆ పట్టు ఉండదు, ముందును దాటి పోవాలని చూస్తుంది. నాలుగూ మామూలువైతే బండి మొదటి నుంచీ జారుతుంది, మనిషి భయపడి వెనక్కి తిరుగుతాడు. రెండు మంచివి, రెండు మామూలువి అనేది అన్నిటికన్నా చెడ్డది. ఈ పనిలో మీరు ఇంకేమీ నేర్చుకోకపోయినా ఇది నేర్చుకోండి.

ఒకే రకం కార్లు

మనవాళ్ళలో ముందు వచ్చినవాడు ఏ కారు కొంటే వెనకొచ్చిన పదిమందీ అదే కొంటారు. అప్పట్లో కాన్‌బెర్రాలోని గంగాలిన్ వీధుల్లో ఒక పాత జపాన్ కారు ఏ ఇంటి ముందు కనబడినా తెలుగిల్లేనని తలుపు కొట్టవచ్చు. పురుషోత్తం, సుధాకర్ కూడా అదే కొన్నారు. ఒకడిది తెల్లది, ఒకడిది ముదురు ఎరుపు. మిగతా అంతా ఒకటే, చక్రాల నట్లతో సహా.

పురుషోత్తంది నెల్లూరు, సుధాకర్‌ది కరీంనగర్. హైదరాబాదులో ఒకే కోచింగులో కలిసి, ఒకే విమానంలో వచ్చి, పక్క పక్క వీధుల్లో ఇళ్ళు తీసుకున్నారు. ఇప్పుడు ట్రామ్ నడిచే దారిలో అప్పుడు గొర్రెలు మేసేవి. పురుషోత్తం భార్య పద్మ, వాళ్ళకొక చిన్న కొడుకు. సుధాకర్ భార్య లత నిండు గర్భిణి. పండగకు ఏదో ఒక ఇంట్లోనే పొయ్యి వెలిగేది. రెండో ఇంటివాళ్ళు వచ్చి తినేవాళ్ళు.

కొండ మీది ఒక స్కీ కంపెనీ కంప్యూటర్లను రెండు వేల సంవత్సరానికి సిద్ధం చేసే పని వీళ్ళిద్దరికీ పడింది. ఒక వారం ఒకడు, మరుసటి వారం ఇంకొకడు, సోమవారం తెల్లారకముందే బయల్దేరి కూమా అనే ఊరి మీదుగా వెళ్ళి శుక్రవారం తిరిగి రావాలి. ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా నడి చలికాలం. పురుషోత్తం నా దగ్గరికి వచ్చేసరికి నేను చెప్పడానికి ఏమీ మిగల్చలేదు, అన్నీ ఇంటర్నెట్‌లో చదువుకుని వచ్చాడు. పాత ఇనుప రిమ్ములు చాలని తనే అన్నాడు. ఇద్దరం కలిసి మా పక్కనున్న పాత కార్ల యార్డులో నాలుగు ఏరాం. తుప్పు గీకి నల్లరంగు వేశాను. సన్నటి మంచు టైర్లు తెప్పించి వాటికి ఎక్కించాను. రిమ్ములతో సహా సెట్టు తయారుగా ఉంటే ఇంటి దగ్గరే జాకీ పెట్టి మార్చుకోవచ్చు.

వారానికి ఒక్కరే వెళ్తారు కాబట్టి ఇద్దరికీ కలిపి ఒక్క సెట్టే. ఆదివారం సాయంత్రం ఎవరో ఒకరి గరాజ్‌లో చేరి ఆ కారువి విప్పి ఈ కారుకు బిగించేవాళ్ళు. ఒకసారి నన్నూ పిలిచారు. లోపల పద్మ దోసెలు పోస్తోంది. లత ఆయాసపడుతూ గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుంది. సుధాకర్ నడుం పట్టుకుని లేచాడు.

"భాయ్, ముందటి చక్రాలే కదా బండిని గుంజేది? ఎనకవి ఉత్తగ తిరుగుతయి. ముందటి రెండు మారిస్తే సగం పని తప్పుతది."

నేను నోరు తెరిచేలోపే పురుషోత్తం అందుకున్నాడు. "కాదబ్బా. ఎనకవి జారితే తోక తిరిగి పోద్ది. నాలుగూ ఉండాల్సిందే."

ఆ మాట అన్నది పురుషోత్తం. నేను కాదు, బ్రూనో కాదు. తెలియక పోయాడని ఎవరైనా అంటే నాకు మండేది అందుకే.

యార్డు

ఆగస్టులో ఒక సోమవారం, కూమా దాటాక వచ్చే ఒక దిగుడులో, కొండ నీడలో ఎండ పడక ఐసు కట్టిన వంపు దగ్గర పురుషోత్తం కారు రోడ్డు దిగి నీలగిరి జాతి గమ్ చెట్టుకు కొట్టుకుంది. డ్రైవరు వైపు తలుపు కొట్టుకుంది. అంబులెన్సు వచ్చేసరికే ప్రాణం పోయింది.

ఆ కారును మా పక్క యార్డుకే తెచ్చి పడేశారు. నేను వెళ్ళి చూశాను. చూడకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. ముందు రెండు చక్రాలూ నేను నల్లరంగు వేసినవే, టైర్లు కొత్తవాటిలా ఉన్నాయి. వెనకవి కారుతో పాటు వచ్చిన మామూలు టైర్లు, రబ్బరు బటన్లు సగం అరిగినవి. తలుపు ఎటు నొక్కుకుపోయిందో చూశాక ఇక చెప్పేవాళ్ళు అక్కర్లేదు. తోక తిరిగింది, కారు అడ్డం పడింది, పక్కకు వెళ్ళి కొట్టుకుంది.

సాయంత్రం సుధాకర్ ఇంటికి వెళ్ళాను. పద్మనూ పిల్లవాడినీ అక్కడే ఉంచారు. ఇంటినిండా జనం. లోపలి గదిలో లత, ఒళ్ళో పదిహేను రోజులైనా నిండని పాప. గరాజ్ తలుపు తెరిచి ఉంది. అందులో గోడకు ఆనించి మిగతా రెండు నల్ల చక్రాలు, శుభ్రంగా కడిగి ఉన్నాయి. నేను వాటి వైపు చూడటం సుధాకర్ చూశాడు.

"లత నొప్పులొస్తే పొద్దుపొద్దున దవాఖానకు పోవాలె, రోడ్డంత ఐసు ఉంటదని వాడే తెచ్చి ఇచ్చిండు భాయ్. రెండు నీకు, రెండు నాకు అన్నడు. నేను వద్దన్న. ఇన్లే." ఏడుస్తున్నాడు. ఆ రెండు చక్రాలకూ ఈ చావుకూ లింకు ఉందని అతనికి ఆ క్షణంలో తట్టలేదు. ఇంటి నిండా మనుషులు, లోపల బాలింత. నేను అతని వీపు నిమిరి వచ్చేశాను. మర్నాడు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి టైర్ల సంగతి చెప్పాను. రాసుకుంటామన్నారు. అప్పటికే "రోడ్డుకు తగని వేగం" అని వాళ్ళ మాట ఒకటి బయటికి వచ్చేసింది.

ఇక మనవాళ్ళు అందుకున్నారు. చావు ఇంట్లో కాఫీ గ్లాసులు పట్టుకుని, కుర్రాడికి తొందరెక్కువ అని ఒకరు, మంచులో తోలడం అలవాటు లేకపాయె అని ఇంకొకరు. కాన్పయ్యాక సుధాకర్ సెలవు పెట్టాడు, అతని వంతు వారం కూడా పురుషోత్తమే వెళ్ళాడన్నది ఎవరూ అనలేదు. రెండు టైర్లతో అంతకు ముందు ఒక వారం వెళ్ళి క్షేమంగా వచ్చాడు. ఎక్కేటప్పుడు బాగా ఎక్కి ఉంటుంది.

మొహమాటానికి పోతే కడుపైందని ఒక మోటు సామెత ఉంది. మనం నవ్వుకుంటూ వాడతాం. ఒకే కంచంలో తిన్న స్నేహితులు వీళ్ళు. కాన్పు అయింది, తల్లీపిల్లా ఇంటికొచ్చారు, ఇక నా రెండు చక్రాలు నాకివ్వరా అనడానికి నోరెందుకు రాదు? ఒక ఆస్ట్రేలియావాడైతే ఫోన్ చేసి "మేట్, నా చక్రాలు కావాలి" అని పెట్టేసేవాడు. స్నేహం ఎక్కడికీ పోయేది కాదు. నాకు పురుషోత్తం మీద కోపం వచ్చింది, చనిపోయినవాడి మీద కోపం ఎంత పనికిమాలినదో అప్పుడు తెలిసింది.

పద్మ అడిగింది

దహనం ఇక్కడే జరిగింది. పద్మ అస్థికలతో నెల్లూరు బయల్దేరే ముందు రోజు మధ్యాహ్నం షాపుకు వచ్చింది. ఆమెకు డ్రైవింగ్ రాదు, సుధాకరే తీసుకొచ్చాడు. పిల్లవాడిని లత దగ్గర వదిలి వచ్చారు. నేను లోపల ఆఫీసు గదిలో కూర్చోబెట్టాను. సుధాకర్ తలుపు దగ్గర నిలబడ్డాడు.

పద్మ నీళ్ళు కూడా ముట్టలేదు. "భాయ్, కారు మీరు చూశారంట. పోలీసులు స్పీడు అంటన్నారు. ఇక్కడ అందరూ తొందరపడ్డాడంటన్నారు. రేపు నేను అక్కడ దిగంగానే ఇదే అడగతారు. మావోడు పెద్దోడై అడగతాడు, మా నాయన ఎట్ట పోయాడు అని. మీరు చెప్పండి. ఆయన తొందరతోనే పోయాడా?"

నా ఉద్యోగంలో కష్టమైన రోజేదని అడిగితే ఇదే. ఈ అమ్మాయి తన భర్త మీద పడిన మాట తీసేయమని అడుగుతోంది. అది తీసి నేను పెట్టాల్సిన చోటు తలుపు దగ్గర నిలబడి ఉంది. సుధాకర్‌ను ఏదో పని చెప్పి బయటికి పంపుదామా అనుకున్నాను. పంపితే ఎందుకు పంపానో అతనికి తెలిసిపోతుంది. అబద్ధం చెబుదామంటే ఆ అబద్ధం పురుషోత్తం మీద పడుతుంది, వచ్చి కాదనడానికి అతను లేడు. పోనీ తెలియదందామంటే, పనివాడిని, తెలియదని ఎలా అనను?

"లేదమ్మా" అన్నాను. "స్పీడు కాదు. ముందు రెండే మంచు టైర్లు ఉన్నాయి, వెనక మామూలువి. అట్లాంటి బండి ఐసు మీద మెల్లగా పోయినా వంపులో తోక తిప్పేస్తుంది. స్టీరింగు దగ్గర ఎవరున్నా అంతే. తోలడంలో నీ భర్త తప్పు లేదు. ఎవరడిగినా నేను చెప్పానని చెప్పు."

పద్మ కళ్ళు మూసుకుంది. కొంగుతో ముఖం ఒత్తుకుంది. గుండె మీంచి ఏదో దిగినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. నాకు కొంచెం ఊరట కలిగింది, సిగ్గు లేకుండా చెబుతున్నాను.

తలుపు దగ్గర్నుంచి సుధాకర్ అడిగాడు. "అంటే భాయ్, ఆ రెండు ఉంటే?"

"ఉంటే బండి నిలబడేది."

అతను తలుపు చెక్క పట్టుకున్నాడు. "ఆదివారమే విప్పిన భాయ్. కడిగి పెట్టిన. వాడు వచ్చి తీస్కపోతడనుకున్న. ఫోన్ చేద్దామని తీసి మళ్ళ పెట్టేసిన. ఇచ్చినోన్నే వచ్చి తీస్కపో అంటే ఏం బాగుంటది, నేనే పట్కపోయి ఇయ్యాలె కదా. పాప ఏడుస్తుండె, కదలలేకపోయిన. తెల్లారంగ పోయేటోడు, మా ఇంటి మీదికెల్లే కదా పోయేది. ఎందుకు రాలే వాడు? ఒక్కసారి బెల్లు కొడితే అయిపోతుండె."

"వచ్చాడన్నా" అంది పద్మ.

ఆమె అతని వైపు తిరగలేదు. నా బల్ల వైపు చూస్తూనే చెప్పింది. "పొద్దన్నే లేచి, సుధా ఇంటికి పోయి చక్రాలు మార్చుకుని అట్నే పోతానని చెప్పి బయల్దేరాడు. కూమా కాడ పెట్రోలు కొట్టించుకుంటా ఫోన్ చేశాడు. మార్చుకున్నావా అని అడిగా. లేదే, వాకిలి దాకా పోయా, లోపల ఒక్క లైటన్నా లేదు, పసిబిడ్డ రాత్రంతా ఏడ్చి ఇప్పుడే పడుకోనుంటది, పచ్చి బాలింతని లేపేదానికి మనసు రాలా, వచ్చే వారం తీసుకుంటాలే అన్నాడు. నేను కూడా మంచి పని చేశావు అన్నా."

సుధాకర్ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చున్నాడు. బయట టోనీ ఎవరికో చక్రాలు చూపిస్తూ గట్టిగా నవ్వుతున్నాడు. నేను లేచి తలుపు వేశాను.

"మేం పండుకోలే చెల్లె" అన్నాడు. గొంతు నాకు సరిగా వినబడలేదు, వంగి వినాల్సి వచ్చింది. "పాప లేసే ఉండె. ఎలుగు చూస్తె ఇగ పండుకోదని లైట్లు ఆర్పి ఇద్దరం చీకట్ల కూసున్నం. వాకిట్ల కారు ఆగిన చప్పుడు విన్నం. పేపరాయన కావచ్చు అన్నది లత. నేను లేవలే."

పద్మ మెల్లగా లేచింది. అతన్ని తిట్టలేదు, ఓదార్చలేదు. అతని ముందుకు వెళ్ళి నిలబడి, లేవమన్నట్టు చెయ్యి చాచింది.

"లతకి మాత్రం చెప్పబాకన్నా" అంది. "పాలిచ్చే మనిషి."